మత్తయి దొంగ, లూకా దొంగ

సాన్ హసింతో ఊళ్ళో మంచి దొంగ వేషం దొరకడం అంత సులువేం కాదు. గుడ్ ఫ్రైడే నాటకంలో యేసు పక్కన సిలువెక్కి, చివరి గడియలో మనసు మార్చుకునే ఆ దొంగ వేషం కోసం మగాళ్ళు మొక్కుకుని ఏళ్ళ తరబడి వంతు కాచుక్కూర్చుంటారు. మనిషికి ఒక్కసారే. ఈ ఏడు ఆ వంతు ఫిదెన్సియోకి వచ్చింది. ఊరంతా ముసిముసిగా నవ్వుకుంది. వీడికి వేషం వేసే పనేముంది, అసలు దొంగే కదా.

కోడినో మేకనో ఎత్తుకుపోయి ఉంటే జనం ఎప్పుడో మరిచిపోయేవాళ్ళు. వీడు సొంత అన్న బాకా ఎత్తుకుపోయి అమ్మేసి తాగాడు. ఊరి బ్యాండులో అన్న క్రిసోఫొరో వాయించే పెద్ద ఇత్తడి బాకా అది, వాళ్ళ నాన్న ఇచ్చిపోయింది. ఫిదెన్సియో జైలుకెళ్ళి వచ్చాడు, తాగుడు మానేశాడు, ఇటుక బట్టీలో బుద్ధిగా పని చేసుకుంటున్నాడు. అయినా అన్న మాట్లాడడు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతాడు. క్షమించమని అడుగుదామంటే వీడికి సొంత మాటలు నోట్లోనే ఎండిపోతాయి. మంచి దొంగ మాటలైతే సిద్ధంగా ఉన్నాయి. పైగా ఈ ఏడు యేసు వేషం ఎవరిదనుకున్నారు, క్రిసోఫొరోదే. ఏళ్ళ తరబడి బాకా ఊదిన ఛాతీ, గొంతెత్తితే సంత చివరిదాకా వినిపిస్తుంది. పొట్ట కాస్త ముందుకొచ్చిన మాట నిజమే. పోనిద్దురూ, అంత సిలువ మోసేవాడికి ఆ మాత్రం ఉండొద్దా.

సరిగ్గా అప్పుడే కొత్తగా వచ్చిన ఫాదర్ అన్సెల్మో అడ్డుపుల్ల వేశాడు.

“ఈ ఏడు నాటకం మత్తయి సువార్త ప్రకారం ఆడదాం. మత్తయిలో దొంగలిద్దరూ యేసును తిడతారు. ఒకడు మారడం, యేసు క్షమించడం, అవన్నీ లూకాలో ఉన్నాయి. అవి వచ్చే ఏడు.”

ఫిదెన్సియో ముందుకొచ్చాడు. “వచ్చే ఏడు వేషం ఇంకొకడిది, ఫాదర్.”

“ఏం చెయ్యను నాయనా. నాలుగు సువార్తలూ కలిపి కలగూరగంప చేస్తే ఎవరేం చెప్పారో వినబడదు.”

“ఇద్దరూ తిట్టారని ఒకాయన, ఒకడు మారాడని ఇంకొకాయన. అయితే లూకా అబద్ధమాడాడా?”

“లేదు.”

“మరి మత్తయి?”

“ఆయనా ఆడలేదు.”

“కొండ అదే, సిలువ అదే, దొంగా వాడే. ఇంతకీ ఆ దొంగ తిట్టాడా, మారాడా?”

ఫాదర్ గడ్డం గోక్కున్నాడు. “పెద్ద పెద్దోళ్ళే దీని మీద జుట్లు పీక్కున్నారు. నువ్వు మాత్రం తిట్టు. గట్టిగా తిట్టు.”

రెండో దొంగ వేషం వేసే కసాయి నబోర్ పళ్ళికిలించాడు. “హమ్మయ్య, ఇన్నాళ్ళకి నాకు తోడు దొరికాడు. ఒక్కణ్ణే తిట్టలేక చస్తున్నా.”

శుక్రవారం మధ్యాహ్నం చర్చి ముందు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. బాకా లేని బ్యాండు బోసిగా మోగుతోంది. సైనికులు ముగ్గుర్నీ తాళ్ళతో సిలువలకు కట్టి నిలబెట్టారు. పైనుంచి చూస్తే ఫిదెన్సియోకి వదిన కనిపించింది, చింతపండు షర్బతు అమ్మేవాడి గొడుగు కింద.

“ఏమయ్యా రాజుగారూ, దిగిరా చూద్దాం,” అని నబోర్ అందుకున్నాడు.

ఫిదెన్సియో కూడా మొదలుపెట్టాడు. మొదట నేర్చుకున్న మాటలే వచ్చాయి. తర్వాత ఏ దయ్యం పట్టిందో, “ఊరందర్నీ ఉద్ధరించావంట, నాకేం చేశావ్? చెప్పు, నాకేం చేశావ్?” అని గొంతు చించుకున్నాడు.

ఆ మాట రిహార్సల్లో లేదు. పోలీసులు లాక్కుపోతున్న రోజు అన్న గుమ్మం ముందు నిలబడి తను అరిచిన మాట అది. అన్న ఆ రోజూ ఇలాగే ఏమీ అనకుండా చూశాడు. ఫిదెన్సియోకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఆ రోజు తిట్టిందీ తనే, ఆ తర్వాత జైల్లో గోడవైపు తిరిగి ఏడ్చిందీ తనే. మత్తయి అబద్ధమాడలేదు. ఆయన తిట్లు విని ఇంటికి వెళ్ళిపోయినట్టున్నాడు, లూకా ఇంకాసేపు నిలబడ్డాడు.

నబోర్ ఇంకా తిడుతూనే ఉన్నాడు.

“నోర్ముయ్, నబోర్,” అన్నాడు ఫిదెన్సియో. జనం గొల్లుమన్నారు. “మనం చేసిన పాపం మనం అనుభవిస్తున్నాం. ఈయనేం చేశాడు?”

“ఒరేయ్, ఇది ఈ ఏడు లేదు కదరా,” అని గొణిగాడు నబోర్.

కింద ఫాదర్ చేతిలోని కాగితాలు గబగబా తిప్పుతున్నాడు. ఫిదెన్సియో మెడ తిప్పాడు. యేసూ అనబోయాడు. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“అన్నా. నీ రాజ్యంలోకి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపెట్టుకో.”

నవ్వులు ఆగిపోయాయి. ఊళ్ళో పసిపిల్లలకి కూడా ఆ బాకా సంగతి తెలుసు. ఇక మాట్లాడాల్సింది క్రిసోఫొరో. అయితే మత్తయిలో ఇక్కడ యేసుకు జవాబు లేదు. మౌనంగా ఉండిపోతే తప్పుపట్టేవాడు లేడు, నాటకమే అలా ఉంది. ఫిదెన్సియో అన్న ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. అయిపోయింది, ఇక ఈ జన్మకింతే అనుకున్నాడు.

అప్పుడు క్రిసోఫొరో బాకా ఊదేముందు పీల్చినట్టు నిండుగా గాలి పీల్చాడు. పొట్ట లేచింది, తాళ్ళు కిర్రుమన్నాయి.

“ఈ రోజే,” అన్నాడు. అంత గొంతూ మధ్యలో జీరపోయింది. మళ్ళీ అందుకున్నాడు. “ఈ రోజే నువ్వు నాతో ఉంటావు.”

మైదానం ఒక్కసారిగా హోరెత్తిపోయింది. వదిన శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. సైగ లేకుండానే డోలు వాడు దరువేశాడు. ఫాదర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, అందరితో పాటు తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ హోరులో అన్న గొంతు తగ్గించి అన్నాడు. “స్వర్గం సంగతి తర్వాత. సాయంత్రం ఇంటికి రా. మీ వదిన బెల్లం పాకం పోసి రొట్టె చేసింది.”

“బాకా మాత్రం ఎలాగైనా వెతికి...”

“బాకా ఊసెత్తావంటే నిజంగానే దిగొచ్చి తంతాను. ఉండు, నేనింకా చావాలి.”

ఆ తర్వాత మత్తయి రాసినట్టే పెద్ద కేక పెట్టి ప్రాణం విడిచాడు క్రిసోఫొరో. చస్తున్న దొంగ నవ్వకూడదు కదా, ఫిదెన్సియో తల బాగా కిందికి వాల్చేసుకున్నాడు. కన్నీళ్ళు ముక్కు చివర్నుంచి టపటపా రాలుతున్నాయి, చేతులు కట్టేసి ఉన్నాయేమో, తుడుచుకోడానికి కూడా లేకపోయింది.