వాగులో అడిగిన మాట

వెనక మోసుకొస్తున్న హార్మోనియం పెట్టె మీద ఎవరైనా గోనెపట్టా కప్పారో లేదో, కప్పకపోతే ఈ ముసురుకు మెట్లు ఉబ్బిపోతాయి, జీపు దిగి అడవిదారి పట్టినప్పటినుంచీ జీవరత్నానికి అదే ధ్యాస, కోయగూడెంలో సువార్త కూటానికి పాటల కోసమే కదా తనను తీసుకొచ్చింది, ప్రార్థన చేయమని మాత్రం అడగొద్దని ఖమ్మంలో బయల్దేరేటప్పుడే ఇశ్రాయేలన్నకు చెప్పేసింది, ఆయన వారమంతా మిర్చి యార్డులో కాటాలు వేసే మనిషి, ఆదివారం సంఘంలో యువజనుల నాయకుడు, గొంతు పెద్దది గానీ శ్రుతిలో నిలవదు, సరేనమ్మా నువ్వు పాడు చాలు, మిగతాది దేవుడూ నువ్వూ చూస్కోండ్రి అన్నాడు, ఎందుకని అడగలేదు, అడిగితే ఏం చెప్పేది, పోయిన వేసవిలో ఎర్రుపాలెంలో జ్వరంతో పడుకున్న అమ్మ మంచం చుట్టూ అందరూ మోకాళ్ల మీద ఉన్నారనీ, ఆసుపత్రి మాటెత్తితే విశ్వాసం చాలనట్టేనని ఒక పెద్దమనిషి అన్నాడనీ, అందరిలోకీ తన గొంతే పైకి లేచిందనీ, ఆమెన్ అని కళ్లు తెరిచి చూస్తే అమ్మ కళ్లూ తెరిచే ఉన్నాయి గానీ వాటిలో చూపు లేదనీ చెప్పాలా, ఆ రోజు నుంచి చేతులు జోడిస్తే వేళ్లు వేళ్లకు తగలడం తప్ప లోపల ఏమీ కదలడం లేదనీ చెప్పాలా.

గూడెంలో ఇప్పచెట్టు కింద సాయంత్రం కూటానికి చాపలు పరుస్తున్నారు, దసరా సెలవులు వచ్చినా వానలు విడవలేదు, ఒక తెరిపి ఎండలో ఆమె కూనిరాగం తీస్తూ పాటల పుస్తకం తిప్పుతుంటే కాగితం మీద నీడ పడింది, ఎదురుగా ఒక కోయ ఆడమనిషి, భుజం మీద చిన్నపిల్ల, ఆ పిల్ల తల వేలాడుతున్న తీరు చూడగానే జీవరత్నం పుస్తకం మూసేసింది, నా పేరు జంపక్క, ఇది నా బిడ్డ లచ్చి, మొన్నటి సంది జరమక్కా, వణుకుతాంది, కాలుతాంది, ఇప్పుడు పిలిస్తే పలుకుతలేదు, నీ పాట మంచిగున్నది, నీ మాట దేవుడు ఇంటడు, నా బిడ్డ మీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్పు అన్నది, జీవరత్నం చెయ్యి ముందుకు పోలేదు, తాకకుండానే సెగ తగులుతోంది, అమ్మ నుదురూ ఇంతే కాలింది, తడిగుడ్డ వేసిన క్షణానికే ఆరిపోయేది, ఈలోగా సంఘం నుంచి తనతో వచ్చిన యువజనులంతా చుట్టూ చేరి ఒక్కొక్కరే మోకరిస్తున్నారు, మళ్లీ అవే మోకాళ్లు, అదే గుసగుస, వద్దు, వద్దు అని అరవబోయింది, అంతలో ఇశ్రాయేలన్న వచ్చి పిల్ల కనురెప్ప ఎత్తి చూసి, లేవండ్రి అన్నాడు, అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో, ఇంత చిన్నగా, ఇది ఉత్త జరం కాదు, దవాఖానాకు పోవాలె, నడుచుకుంటనే అడుగుదాం దేవుణ్ణి, మరి కూటం ఎట్లా అన్నా అని ఎవరో అడిగితే రేపు పెట్టుకుందాం అని, జంపక్కా బిడ్డను నాకియ్యి చెల్లె, జీవరత్నం నువ్వు తోడు రా అని, జవాబు కోసం ఆగకుండా పిల్లను భుజాన వేసుకుని నడిచాడు.

ఎర్రమట్టి బురద, పైన టేకాకుల మీంచి పడే చినుకులు, ఇశ్రాయేలన్న చెప్పులు బురదలో ఇరుక్కుంటే అక్కడే వదిలేశాడు, ముందు జంపక్క, దారికి అడ్డమొచ్చిన కొమ్మల్ని విరుస్తూ, ఏడవడం లేదు, మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి బిడ్డ పాదాలు చూసుకుని మళ్లీ నడుస్తోంది, ఏడుపు దిగమింగి ఇంత వేగంగా నడిచే ధైర్యం ఈమెకు ఎక్కడినుంచి వచ్చిందో, వెనక ఈయన, రొప్పుతూ, ఎవరితోనో పక్కన నడుస్తున్న మనిషితో మాట్లాడినట్టు, అయ్యా, చూస్తున్నవా, ఈ పిల్ల బరువే లేదు, యార్డులో నేను కాటాకెత్తే బస్తాల ముందు ఇదెంత, నేను మోస్త, పానం మాత్రం నువ్వు పట్టుకో, జర గట్టిగ పట్టుకో, ఎన్ని కూటాల్లో ఎంత పెద్ద ప్రసంగీకుల మాటలు విన్నది తను, ఇంత పొట్టి మాటలు, ఊపిరి తీసుకునే సందుల్లో ఇరికించి చెప్పే మాటలు ఎన్నడూ వినలేదు, ఈ మనిషి శ్రుతి తప్పుతాడని నవ్వుకున్నది తనేనా.

పొద్దున మోకాలి లోతు లేని వాగు ఇప్పుడు నడుము దాకా, పైన గుట్టల మీద కురిసిన వానంతా ఎర్రగా సుళ్లు తిరుగుతూ దిగుతోంది, జంపక్క కర్రతో లోతు చూస్తూ ముందు దిగింది, అక్కా నా కొంగు పట్టుకో అన్నది, ఇశ్రాయేలన్న పిల్లను రెండు చేతులా పైకెత్తాడు, నడి వాగులో ఆయన కాలు రాయి మీద జారింది, ఒక్కసారిగా మెడ దాకా నీళ్లు, చేతులు కిందికి వచ్చాయి, లచ్చి జుట్టు నీళ్ల మీద తేలింది, జీవరత్నం ఎప్పుడు కొంగు వదిలిందో, ఎట్లా ముందుకు పడిందో, పిల్లను రొమ్ముకు అదుముకుంది, గొంతు చీలిపోయేట్టు అరిచింది, ప్రభువా ఈసారి నేనొప్పుకోను, అమ్మను తీసుకుపోయావు, ఒక్క మాట అనలేదు నిన్ను, ఈ పిల్లను మాత్రం ఇవ్వను, వింటున్నావా, ఇవ్వను, నీళ్లు నోట్లోకి పోతున్నా ఇవ్వను ఇవ్వను అంటూనే ఉంది, లేచి నిలదొక్కుకున్న ఇశ్రాయేలన్న ఆమె భుజం పట్టుకుని, నవ్వకుండా, మందలించకుండా, ఆమెన్ అన్నాడు, ఆ మాటకు అర్థం తెలియని జంపక్క కూడా ఆమెన్ అన్నది.

రోడ్డు మీద కాచుకుని ఉన్న జీపు డ్రైవరు మహబూబ్ అలీ తడిసిన ముగ్గురినీ, పిల్లనూ చూసి, ఎక్కండ్రి జల్దీ అని బండి కదిపాడు, దారి పొడుగునా ఆయన పెదవులూ ఏదో చెబుతూనే ఉన్నాయి, భద్రాచలం దవాఖానాలో సూది, చేతికి సెలైను, ఆ తర్వాత వరండాలో ఎదురుచూడటం, బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇశ్రాయేలన్న నిద్రపోయాడు, రాత్రి పొద్దుపోయాక నర్సు తలుపు తీసి, పాప మంచినీళ్లు అడుగుతోంది, తల్లి రావాలి అన్నది, అంతవరకూ చుక్క కన్నీరు రానివ్వని జంపక్క అప్పుడు ఏడ్చింది, లోపలికి పోబోతూ ఆగి, వాగుల ఏం చెప్పినవక్కా దేవునికి అని అడిగింది, చెప్పలేదు, పోట్లాడాను అన్నది జీవరత్నం, మంచిగ చేసినవ్ అని ఆమె చెయ్యి నొక్కి లోపలికి పోయింది.

పోట్లాడాను, నోటినుంచి వచ్చాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది, ఈరోజే మొదలైన పోట్లాటా ఇది, బావిలో చేద వేస్తూ, కాలేజీకి పోయే బస్సులో కిటికీ పక్కన, అమ్మ చీర మడత పెడుతూ, ఎందుకు చేశావు, ఎందుకు చేశావు అని ఇన్నాళ్లూ అడిగింది ఎవరిని, గోడను కాదు, సంఘంలో పెద్దమనిషిని కాదు, వినేవాడు ఒకడున్నాడని లోపల ఎక్కడో తెలిసే కదా అంత కోపంగా అడిగింది, వరండా అంచున వాన మళ్లీ మొదలైంది, జీవరత్నం చేతులు జోడించలేదు, కళ్లు మూసుకోలేదు, తాను ప్రార్థన మానలేదని, ఒక్కరోజు కూడా మానలేదని తెలుసుకుని అట్లాగే నిలబడింది.