లోతులోది కాని రాయి

నేను ఒక రాయిని అని చెప్పుకోవడానికి కూడా నాకు మొహమాటమే. తల వెంట్రుకలో సగం మందం ఉంటానేమో. గాజుపలక మీద అతికించి, వెలుతురు ఇటు నుంచి అటు దూరిపోయేంత పలుచగా అరగదీసిన రాతిపొరను. అగ్గిపెట్టెలో పడుకోబెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అలాంటి నా మీద ఒక మనిషి పద్నాలుగేళ్ళ పేరు నిలబడింది.

మొదట్లో పిడికెడంత ఉండేదాన్ని. వేల ఏళ్ళ కిందట మా నల్లరాతి నేల మీద ఒక ఉల్క పడి, ఒక ఊరు పట్టేంత గుంట చేసింది. ఆ దెబ్బకు నాలోని తెల్లని స్ఫటికాలు కరగకుండానే గాజైపోయాయి. ఆ తరువాత గుంట తూర్పు గట్టు మీద ఎండుతూ తడుస్తూ పడి ఉన్నాను. మేకలు తొక్కుకుంటూ పోయేవి. మర్యాదగానే తొక్కేవి.

డాక్టర్ హైమవతి నన్ను ఏరుకుంది. ఆమె గ్రహశాస్త్రవేత్త. అంగారకుడి మీద కూడా ఇలాంటి నల్లరాళ్ళు, ఇలాంటి గుంటలు ఉన్నాయట. అంత దూరం వెళ్ళలేక మనుషులు అక్కడి సంగతులు ఇక్కడి రాళ్ళను అడుగుతారు, ఎదురింటి గొడవ పక్కింట్లో వాకబు చేసినట్టు. ఆమె సంచిలో నా పక్కన ఇంకో రాయి కూడా ఉంది. గుంట అడుగున బోరు వేసి, మూడువందల మీటర్ల లోతు నుంచి తీసిన రాయి. చూడ్డానికి ఇద్దరం కవల పిల్లల్లా ఉండేవాళ్ళం.

సముద్రం ఒడ్డున ఉన్న ఆమె విశ్వవిద్యాలయంలో రాళ్ళు కోసే పని అప్పన్నది. ఆయన రంపం కింద పెట్టాడు, అరగదీశాడు, గాజు మీద అతికించాడు. వద్దనడానికి నాకు నోరేది? ఆరడానికి మమ్మల్నిద్దరినీ ఒక ట్రేలో పెట్టి, ఎవరు ఎక్కడివాళ్ళమో మా గాజుపలకల మీద మార్కరుతో రాశాడు.

సరిగ్గా ఆ రోజే హైమవతి పెళ్ళి సెలవు అయిపోయి తిరిగి వచ్చింది. పసుపు ఆరని తాడు, చేతినిండా గాజులు, ఒక పెద్ద డబ్బా నిండా సున్నుండలు. గాజుల చప్పుడుకే ఆ గది కొత్త ఇల్లులా మారిపోయింది. పెళ్ళికొడుకు గోపీనాథ్ గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక నవ్వుతున్నాడు. అప్పన్న రెండు సున్నుండలు తిని, నేతి వేళ్ళు తుడుచుకోవడానికి, మరకలు వదలగొట్టే అసిటోన్ సీసా అందుకున్నాడు. నాలుగు చుక్కలు మా మీద పడ్డాయి. రాతలు చెరిగిపోయాయి. ఆయన కంగారు పడలేదు. ఎడమది గట్టుది, కుడిది బోరుది, గుర్తుంది కదా అని మళ్ళీ రాసేశాడు.

డబ్బాకు చోటు చేయడం కోసం అంతకు ముందే తన చేతులతోనే ట్రేను అటుదిటు తిప్పిన సంగతి మాత్రం ఆయనకు గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఏం లాభం?

మర్నాడు హైమవతి నన్ను మైక్రోస్కోపు కింద పెట్టింది. ప్రత్యేకమైన కాంతిలో మాలాంటివాళ్ళం నీలం, నారింజ, గులాబి రంగుల్లో వెలుగుతాం. గాజైపోయిన చోట్లు మాత్రం నల్లగా ఉండిపోతాయి. నాలో ఆ నలుపు చూసి ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. మూడువందల మీటర్ల లోతున కూడా స్ఫటికం గాజైపోయిందంటే, ఉల్క దెబ్బ అందరూ అనుకున్నదానికంటే ఎంతో పెద్దది! అంగారకుడి గుంటల లెక్కలన్నీ మళ్ళీ వేయాలి! నేను పైదాన్నమ్మా, ఎండలో పడి ఉన్నదాన్ని అని అరుద్దామనుకున్నాను. అరవడం రాళ్ళకు రాదు.

అది ఆమె నాలుగో పరిశోధన పత్రం. అచ్చయిన రోజు గోపీనాథ్ ల్యాబుకు రెండు పుల్ల ఐస్‌క్రీములు పట్టుకొచ్చాడు. అప్పటి నుంచి పత్రానికో ఐస్‌క్రీము వాళ్ళ ఇంటి ఆచారమైంది. ఏళ్ళు గడిచి పత్రాలు ముప్పై ఒకటయ్యాయి. వాటిలో తొమ్మిది నాలుగోదాని భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేవే. నూట పన్నెండు మంది ఆ పత్రాన్ని తమ రాతల్లో ఉదహరించారు. వాళ్ళలో ఒక్కరూ నన్ను చూడలేదు. చదువుకున్నవాళ్ళు ఒకరి మాట ఒకరు ఎంత నమ్ముతారో!

ఝాన్సీ అనే పరిశోధక విద్యార్థిని వచ్చేదాకా అంతా బాగానే ఉంది. అదే బోరు రాళ్ళు ఆ అమ్మాయి నలభై కోయించింది. ఒక్కదానిలోనూ గాజు లేదు. నీ పాలిష్ సరిగ్గా లేదు, మళ్ళీ చెయ్యి అని హైమవతి మూడేళ్ళు తిప్పింది. ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం నా సొరుగు పక్కనే కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. తప్పు ఆ అమ్మాయిది కాదని తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే.

ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా, బోర్డుకు చూపడానికి మంచి ఫొటో కావాలని హైమవతి నన్ను మళ్ళీ బయటికి తీసింది. ఈసారి ఎందుకో నా అంచుదాకా జరుపుకుంటూ పోయింది. అక్కడ సన్నని గోధుమరంగు చార ఉంది. ఎండావానల్లో రాయికి పట్టే తుప్పు. లోతు రాళ్ళకు అది ఉండదు. పద్నాలుగేళ్ళూ ఆమె చూసింది నా నడిమధ్యనే.

ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తరువాత అప్పన్నను పిలిచి, ఆ రోజు ఏం జరిగిందని అడిగింది. ఆయన గోడ వైపు చూస్తూ గుర్తు చేసుకున్నాడు.

"సున్నుండలు తెచ్చినారు కదమ్మా. డబ్బా పెట్టడానికి సోటు లేక ట్రే తిప్పీసినాను. రాతలు సెరిగిపోయినాక ఆ సంగతి మర్సిపోనాను. తప్పు నాది. రాసిమ్మంటే రాసిచ్చెత్తాను."

ఆయన పదవీ విరమణకు నాలుగు నెలలే ఉంది.

"ముప్పై ఒక్క పత్రాలు రాశాను అప్పన్నగారూ, ఒక్కదాని మీదా మీ పేరు వేయలేదు," అంది హైమవతి. "ఇప్పుడు తప్పు మీద మాత్రం వేస్తానా?"

ముందు ఝాన్సీని కూర్చోబెట్టి క్షమించమంది. ఆ తరువాత నాలుగో పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఉత్తరం పంపింది. సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన గోపీనాథ్ అంతా విని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "తిన్న ఐస్‌క్రీములు కూడా వెనక్కివ్వాలా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆపలేక ఏడ్చింది.

ఇంటర్వ్యూకి నన్ను దూదిలో చుట్టి తీసుకెళ్ళింది. బోర్డు పెద్దాయన నాలుగో పత్రాన్ని తెగ మెచ్చుకుంటుంటే, నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"అది తప్పు సార్. వెనక్కి తీసుకున్నాను. దాన్ని ఆనుకున్నవి ఇంకో తొమ్మిది ఉన్నాయి, అవీ దిద్దాలి."

"ఇక మిగిలినవి?"

"ఇరవై ఒకటి. అవి చిన్నవి సార్. కానీ నిజం."

ఆయన నన్ను వేలితో కొంచెం పక్కకు జరిపాడు, టీ కప్పు పెట్టుకోవడానికి. పదవి ఇంకొకరికి వెళ్ళింది.

అప్పన్న వెళ్ళిపోయే ముందు నా గాజు మీద అసలు చిరునామాను వజ్రపు మొనతో చెక్కాడు. ఇక అసిటోనుకు భయపడక్కర్లేదు. ఝాన్సీ సిద్ధాంత గ్రంథం పూర్తయింది.

అయితే మొన్న ఆ అమ్మాయే వచ్చి, కాస్త జంకుతూ చెప్పింది. వెనక్కి తీసుకున్న పత్రాన్ని ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారట. నూట పన్నెండు నూట పంతొమ్మిదైంది. అచ్చులోకి ఒకసారి ఎక్కిన మాట నాకంటే గట్టిది కాబోలు.

హైమవతి నన్ను కీబోర్డు పక్కన పెట్టుకుని, ఎవరో ముఖం తెలియని మనిషికి ఏడో ఉత్తరం మొదలుపెట్టింది. అన్నిట్లోనూ ఒకటే మాట: "ఆర్యా, మీరు రాసిన ఆ రాయి లోతులోది కాదు, తూర్పు గట్టు మీదది." నేను పక్కనే ఉన్నాను. సాక్షి సంతకమైనా పెట్టలేను.