కొరికిన మూత

పొద్దున్నే లేవడం, మొహం మీద ఉప్పు తుడుచుకోవడం, రెండు గంటలు తెడ్లెయ్యడం, రెండు గంటలు నడుం వాల్చడం. నడిసముద్రంలో ఒంటి పడవ మీద మా ప్లంబరుగారు చేసిందింతే. నేనైతే ఒంటిచేత్తో లాగేసేవాణ్ణి. తీరిక లేక ఆయన్ని పోనిచ్చాను.

పడవ మీద బారెడేసి అక్షరాలు: "సముద్రంలో సీసాలు పారెయ్యకండి." దారిలో దొరికిన ప్రతి ప్లాస్టిక్ సీసానీ వలతో తీసి, గోనెలో కుక్కి, అవతలి ఒడ్డున జనానికి చూపించాలి.

సీసాల సంగతి మీకు తెలిసిందేగా. తాగినవాళ్ళు మూత బిగించే ముందు అన్న ఆఖరి మాట లోపలే ఉండిపోతుంది. మూత తీస్తే ఒక్కసారి వినపడి పోతుంది. ఆయన తోడుకోసం రోజుకొకటి తీసేవాడు. "బస్సొచ్చింది, పద." "నీదే తప్పు." ఒకడైతే త్రేన్చాడంతే. దానికీ ఈయన "ఆఁ, చెప్పండి" అన్నాడు. మనిషి మొహం చూసి నెల దాటింది మరి.

ఇంట్లో మాత్రం ఎవరు పలికారు గనక? భార్య పోయాక మిగిలింది కూతురొక్కతే, బట్టలు కుడుతుంది. పడవ తయారయ్యేదాకా ఆ పిల్లకి చెప్పలేదీయన. తెలిసిన రోజే ఆమె నోరు కుట్టేసుకుంది. రేవుకొచ్చి కూడా, నీళ్ళసీసా పట్టుకుని అటు తిరిగే నిలబడింది. ఇక అవతలి ఒడ్డునే పంపులు బాగుచేసుకుంటూ ఉండిపోదామని, ఎవరికీ చెప్పకుండా, పడవెక్కేశాడు.

నలభయ్యో రోజు వలలో ఒక సీసా పడింది. నీలం మూత, చుట్టూ పంటిగాట్లు, మధ్యలో చిన్న సందు. దారం కొరికినట్టు మూతలు కొరికే సందుపళ్ళ మనిషి ఒక్కతే ఉంది. సీసా పడవకంటే ముందెలా వెళ్ళిందంటారా? దానికి మధ్యమధ్య కునుకు లేదుగా!

"ఓసి నీ! నాన్న పడవ మీద అంత లావున రాసుంటే, సముద్రంలోకే విసిరావటే?"

మూత మీద వేళ్ళు పెట్టాడు. తిట్టయితే? తిట్టయినా, దాని నోటిమాట. ఒక్కసారి విన్నాక ఇంకేం మిగులుతుంది?

తియ్యలేదు. పడవ తిప్పాడు.

తెడ్లేసేవాడికి వెళ్ళే దిక్కు కనపడదు, వీపు అటే ఉంటుంది. అలా ఇంటికి వీపు పెట్టుకునే, సీసా కాళ్ళమధ్య ఇరికించుకుని, ఇంకో నలభై రోజులు లాగాడు. దారిలో ఇంకే మూతా తియ్యలేదు.

గోనెలు రేవులో జనం ముందు దించి ఇంటికొచ్చాడు. తలుపు తీసిన కూతురి చేతిలో సీసా పెట్టాడు.

"విన్నావా?" అంది.

"లేదమ్మా. నువ్వే చెప్పు, ఏమన్నావు?"

"గుర్తులేదు."

"అబద్ధమాడటం మీ అమ్మకీ చేతకాలేదు, నీకూ రాలేదు."

ఆ పిల్ల మూత తిప్పింది.

"నాన్నా, తువ్వాలు మర్చిపోయావ్."

అంతే, సీసా ఖాళీ. ఆ పిల్ల లోపలికెళ్ళి, ఎనభై రోజులుగా తీగ మీదే వేలాడుతున్న తువ్వాలు తెచ్చి ఆయన భుజాన వేసింది.

"మొహం తుడుచుకో. అంతా ఉప్పే."