రుష్దీ దాచిన ఫోల్డరు

మా ఆయన రుష్దీకి దేవుడంటే భక్తి, దిష్టంటే భయం. రెంటిలో ఏది ఎక్కువంటే నేను భయమనే చెబుతాను. నరుడి కంటికి నాపరాళ్ళైనా పగులుతాయన్న మాట పట్టుకుని కాపురం చేసిన మనిషి. తప్పుపట్టనూ లేను. మా పెద్దవాడు హాజెం తర్వాత మాకింకో మగబిడ్డ పుట్టాడు. ఈయన వాడి ఫొటో జేబులో పెట్టుకుని, కాఫీ దుకాణంలో బల్లబల్లకీ తిరిగి చూపించాడు. ఆ వారంలోనే జ్వరమొచ్చి బిడ్డ పోయాడు. డాక్టరు మెదడువాపు అన్నాడు. నా చేతులారా నేనే చంపుకున్నానని రుష్దీ ఏడ్చాడు.

ఆ తర్వాత పుట్టింది ఇబ్తిహాల్. ఎంత ముద్దుగా ఉండేదో! ఏడో రోజు వేడుకలో మా ఆచారం ప్రకారం జల్లెడలో పడుకోబెట్టిన పిల్లను చూసి జనం నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నాడు.

“ఏం చూస్తార్లే, కోతిపిల్ల! మా ఖర్మకొద్దీ పుట్టింది.”

మా అలెగ్జాండ్రియాలో దిష్టి తగలకుండా ఇలా అనే తండ్రులు చాలామందే ఉన్నారు. కాకపోతే వాళ్లు నాలుగు రోజులు అని మానేస్తారు. ఈయన మానితేగా! వీధిలోకి తీసుకెళ్లాలంటే అన్న పాత చొక్కా తొడిగేవాడు, మొహం కూడా కడగనిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం కెమెరాతో ఫొటోలు తీసేవాడు. చూపించమంటే, “చెరిపేశా, వదిలెయ్” అనేవాడు. ఎంత పోట్లాడినా గోడతో పోట్లాడినట్టే. పిల్లకు మూడేళ్లు నిండకుండానే గుండె ఆగి పోయాడు.

ఇబ్తిహాల్‌కు తండ్రి గుర్తులేడు. తెలిసిందల్లా మా ఆడపడుచు బహియ్య చెప్పిన మాటలే. ఆవిడ ప్రతి పండక్కీ వస్తుంది. నేను వండినదంతా లొట్టలేసుకుంటూ తిని, “పాపం, మీ నాన్నకి నువ్వంటే గిట్టేదే కాదే” అని దానికి వడ్డించి పోతుంది. గోడ నిండా హాజెం ఫొటోలు. దీని చిన్నప్పటి ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

“ఆయన భయమేనే అది, పిచ్చిదానా. నువ్వంటే ప్రాణం” అని నేను చెబితే, “ఓదార్చడానికి కథలు చెప్పకమ్మా” అనేది. తండ్రి పేరెత్తితే లేచి పక్క గదిలోకి పోయేది. ఈడొచ్చిన పిల్ల, రేపు ఇంకో ఇంటికి వెళ్లే పిల్ల, నాన్నకు అక్కర్లేనిదాన్నన్న ముల్లు గుండెలో పెట్టుకునే పోతుందా అని నాకు దిగులు.

మొన్న శుక్రవారం రుష్దీ పాత కంప్యూటరును కింది అంతస్తులోని పిల్లల బడికి ఇచ్చేద్దామనుకున్నాం. అందులో ఉన్నదంతా తుడిచే పని ఇబ్తిహాల్ పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని కూరకని ములూఖియ్యా ఆకు తుంచుతున్నాను.

“అమ్మా, ఓసారిలా రా. డిస్కు నిండిపోయిందంటోంది. తెరిస్తే చూడు, నాలుగు పాటలు, అన్నయ్య ఫొటోలు. ఇంతే!”

“పాతదైపోయింది కదే, దానికీ చాదస్తం వచ్చిందేమో.”

“చాదస్తం నీకు. ఎవరో ఇందులో ఏదో కనపడకుండా దాచారు.”

దాచారన్న మాట వినగానే చేతిలో ఆకులతోనే లేచి దాని దగ్గరికి పరిగెత్తాను. మా ఇంట్లో దాచే మనిషి ఒక్కడే.

“తుడవకు! నీకు పుణ్యముంటుంది, ముట్టుకోకు!”

“అబ్బ, అరవకే. ముట్టుకోలేదు.”

పైనున్న మెనూ తెరిచి, ఎక్కడెక్కడో నొక్కి, దాచిన ఫైళ్లు, ఫోల్డర్లు చూపించమన్న చోట టిక్కు పెట్టింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట ఒక ఫోల్డరు కనిపించింది. మిగతావాటి కంటే వెలిసిపోయి ఉంది. దాని మీద పేరు ఇబ్తిహాల్.

మౌసు నేనే లాక్కుని నొక్కబోయాను గానీ నాకు చేతకాలేదు. చివరికి అదే తెరిచింది. ఒకటా రెండా! జల్లెడలో నిద్రపోతున్న పిల్ల, మొదటి పన్ను చూపిస్తున్న పిల్ల, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్న పిల్ల. ఒక్క రోజు కూడా విడిచిపెట్టలేదేమో మహానుభావుడు. చివర్న ఒక వీడియో ఉంది.

అందులో రుష్దీ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో పిల్ల నిద్రపోతోంది. వంటింట్లోంచి నా గొంతు వినిపించింది. “ఏమయ్యా, ఏం చేస్తున్నావక్కడ?” “ఏం లేదు, ఏం లేదు!” అని కంగారుగా అరిచి, తర్వాత పిల్ల చెవి దగ్గరికి వంగాడు.

“నా బంగారూ, అందరి ముందూ నిన్ను నోటికొచ్చినట్టంటున్నా. అల్లా సాక్షిగా అంతా అబద్ధం. ఇంకో బిడ్డని పోగొట్టుకునే ధైర్యం నాకు లేదే తల్లీ. పెద్దయ్యాక ఈ నాన్న మీద కోపం పెట్టుకోవు కదూ?”

నేను చేతిలో ఉన్న ఆకుల్లోనే మొహం దాచుకుని ఏడ్చాను. అల్హందులిల్లాహ్, అంతా దేవుడి దయ అని ఎన్నిసార్లన్నానో. ఇన్నేళ్లు తిట్టిపోసిన ఆయన భయానికి కూడా ఆ పూట కృతజ్ఞత చెప్పుకున్నాను. కళ్ల పడకుండా చెయ్యగలిగాడే గానీ, చెరపడానికి చేతులు రాలేదు ఆయనకు. ఆ మేలు చాలు నాకు.

ఇబ్తిహాల్ ఏడవలేదు. వీడియోను మళ్లీ మొదటికి తిప్పింది. అయిపోగానే మళ్లీ తిప్పింది. ఆయన అడిగిన ప్రతిసారీ తెర దగ్గరికి వంగి, “పెట్టుకోను నాన్నా” అని జవాబు చెప్పింది.