తిరిగే ప్రతిదానికీ బొట్టు

అది 2025 అక్టోబరు రెండు, గురువారం. దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చి మాంసం దుకాణాలు మూసేయడంతో మియాపూర్‌లోని ఆ అపార్టుమెంటులో సగం మంది మొహాలు వేలాడేసుకున్నారు. ఓబులేసు ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే చిత్రాన్నం, ఓళిగలు. నెయ్యి వేసుకుని ఆ బొబ్బట్లు రెండు తిన్నాడు, కూతురు దివ్య పోరు పడలేక మూడోదీ తిన్నాడు. ఆ రోజు చెయ్యి బాగానే ఉంది. తర్వాత ఆయన పదేపదే గుర్తు చేసుకున్నది ఆ సంగతే.

ఆయుధపూజ ఆయనే చేశాడు. భార్య అనసూయమ్మ ఉన్నంతకాలం అది ఆమె పని. తిరిగే ప్రతిదానికీ బొట్టు పడాలనేది ఆమె నియమం. స్కూటరు చక్రం, కుట్టుమిషను, మిక్సీ, స్టూలెక్కి ఫ్యానుకు కూడా పెట్టేది. ఆమె పోయాక ఇది రెండో దసరా. పసుపు ఎంత గట్టిగా కలపాలో తెలియక ఓబులేసు చారులా కలిపాడు. పండక్కి ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు ల్యాప్‌టాప్, మౌస్ కూడా వరసలో పెట్టి బొట్లు పెట్టాడు. మర్నాడు అన్నీ తుడిచేశాడు.

కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాక ఆయన మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. తెర మీద ఎడమపక్క పాత తెలుగు పుస్తకం ఫోటో, కుడిపక్క దాన్ని చూసి యంత్రం ఎక్కించిన అక్షరాలు. రెండూ వరసవరసగా పోల్చి తప్పులు దిద్దడం పని. సోమవారం పొద్దున పదకొండో పేజీ చదువుతుండగా తెర ఉన్నట్టుండి నాలుగు వరసలు పైకి ఎగిరింది. మౌస్ చక్రం కిందికి తిప్పాడు. కాస్త దిగి, మళ్ళీ ఎగిరింది. మెల్లగా తిప్పినా అంతే.

ఓబులేసు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అనసూయమ్మకు మొదలైంది కూడా ఇలాగే. ముగ్గు వేస్తుంటే గీత ఒకచోట ఉలిక్కిపడ్డట్టు పక్కకు పోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత గ్లాసు వణికింది, చెంచా వణికింది, ఆఖరి ఏడాది ఆమెకు అన్నం ఆయనే తినిపించాడు. భార్య జబ్బు భర్తకు అంటుకోదని చదువుకున్న ఆయనకు తెలియక కాదు. ఎలా మొదలై ఎక్కడికి పోతుందో మాత్రం దగ్గరుండి చూశాడు. పక్కవాళ్ళకు అది ఎంత చాకిరీయో కూడా తెలుసు. ఇప్పుడు పక్కన ఉన్నది దివ్య ఒక్కతే.

మంగళవారం మౌస్ పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ మీది టచ్‌ప్యాడ్ ప్రయత్నించాడు. దాన్ని ఆయన ఎప్పుడూ వాడలేదు. రెండు వేళ్ళు ఆనించి కిందికి లాగితే కింది వరసలకు బదులు పై వరసలు వచ్చాయి. పైకి తోస్తే కింది వరసలు వచ్చాయి. మౌస్ చెడిపోతే చెడిపోయి ఉండొచ్చు. రెండూ ఒకేసారి ఎందుకు చెడతాయి? రెండింటి మీదా ఉన్నది ఒకే చెయ్యి.

ఆ సాయంత్రం వంటింట్లో ఎవరూ లేనప్పుడు కుడిచెయ్యి చాపి, దాని మీద ఒక న్యూస్‌పేపరు కాగితం పరిచాడు. అనసూయమ్మకు డాక్టరు చేసిన పరీక్ష అది. కాగితం అంచు వణికింది. హాల్లో తిరుగుతున్న ఫ్యాను గాలి అక్కడికీ వస్తోందన్న సంగతి చాలాసేపటికి గాని తట్టలేదు. తట్టాక, దాన్ని ఆపి మళ్ళీ చూసే ధైర్యం రాలేదు.

దివ్యకు చెప్పలేదు. ఆమె కూడా ఆ తర్వాతి రెండు రోజులూ ఏదో పరధ్యానంగా ఉంది. కాఫీ సగం గ్లాసే ఇచ్చింది. రోజూ తనే వేసే ఆయన గది తలుపు రెండు రాత్రులూ వేయడం మరిచిపోయింది.

గురువారానికి ఆయన పేజీల్లో వదిలేసిన తప్పులు పద్నాలుగు తేలాయి. పైవాళ్ళు ఏమీ అనకుండా, కంప్యూటర్లు బాగుచేసే అశ్వినిని పంపారు. ఓబులేసు ఆమెను చూసి బెదిరిపోయాడు. మౌస్‌కేం కాలేదని, తనదే అజాగ్రత్త అని నచ్చజెప్పబోయాడు. మౌస్ బాగుందని ఆమె నోట తేలిపోతే ఇక మిగిలేది ఏమిటో ఆయనకు తెలుసు. తేలనంతసేపే నయం.

"జర లేవండి సార్, నేను కూసుంట," అంది అశ్విని.

ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన మౌస్ మీద తన చెయ్యి వేసింది. పాతికేళ్ళు కూడా నిండని చెయ్యి, గోళ్ళకు నీలంరంగు. ఓబులేసు తెర వైపు చూడలేక ఆ గోళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. చూపుడువేలు చక్రాన్ని కిందికి తిప్పింది, ఒకసారి, రెండుసార్లు.

"ఏంది ఇది, గిట్ల ఎగురుతుంది?" అంది.

ఆయన మెల్లగా తల ఎత్తాడు. ఆమె తిప్పుతుంటే కూడా పేజీ ఎగురుతోంది.

"ఇంకోసారి తిప్పమ్మా," అన్నాడు.

ఆమె తిప్పింది. మళ్ళీ ఎగిరింది. ఓబులేసు పక్క టేబులు అంచు పట్టుకున్నాడు.

అశ్విని మౌస్ వైరు పీకి, తెల్లకాగితం మీద బోర్లించి తట్టింది. చక్రం సందులోంచి పసుపుపచ్చని పెచ్చులు, ఎర్రటి పొడి రాలాయి. ఆమె వాటిని వేలితో తీసి వాసన చూసింది.

"చక్రానికి బొట్టు పెట్టిన్రా సార్?"

"తిరిగేదానికి పెట్టాలని మా ఇంట్లో..." అని ఆగిపోయాడు.

ఆమె నవ్వలేదు. వాళ్ళమ్మ గ్యాసుపొయ్యికి పెట్టిన బొట్టు మూడు రోజులు మంట రానివ్వలేదని చెప్పింది. లోపల ఎండిన పసుపు చక్రం తిరుగుడును తప్పుగా చూపిస్తోందట. టచ్‌ప్యాడ్ గోడు కూడా ఆయన అప్పుడే చెప్పుకున్నాడు. సెట్టింగ్స్‌లో దిక్కు మార్చే మీట ఒకటుంది, అది ఫోనులోలా వేలితో పాటు కాగితం జరిగేటట్టు పెట్టి ఉంది, చెడిపోలేదు, అంటూ నొక్కింది. ఆయన వేళ్ళు కిందికి లాగాడు. కింది వరసలు బుద్ధిగా వచ్చాయి.

"పరేషాన్ గాకుండ్రి," అని కొత్త మౌస్ ఇచ్చింది. పైవాళ్ళకు పంపే కాగితంలో కారణం దగ్గర 'దుమ్ము' అని మాత్రమే రాసింది. ఓబులేసు అది చూశాడు.

అమీర్‌పేటలో మెట్రో రైలు మారాక ఆయన పైన వేలాడే పట్టీని కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఇల్లు చేరేసరికి ఏడున్నర. అన్నాలయ్యాక దివ్య మజ్జిగ తెచ్చింది. సగం గ్లాసు.

"ఏంటికి మా, సగమే పోస్తాండావు?" అని అడిగాడు.

ఆమె నేల చూసింది. "నువ్వు చెయ్యి మీద పేపరు పెట్టుకున్నావే, చూసినా నాయనా," అంది.

ఆయన అంతా చెప్పాడు. ముగ్గు గీత గుర్తొచ్చిన సంగతి, అశ్విని చెయ్యి, కాగితం మీద రాలిన పసుపు. దివ్య వింటూ వింటూ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి లేచి, హాల్లో ఫ్యాను ఆపి, గ్లాసు అంచుదాకా పోసి ఆయన ముందు పెట్టింది.

ఓబులేసు ఎత్తాడు. ఒక బొట్టు చాప మీద పడింది. ఇద్దరూ ఆ బొట్టు వైపే చూశారు.

"అంత నిండుగా పోస్తే ఎవురికైనా ఒలుకుతాది," అని దివ్య గబగబా అంది. తన గ్లాసు కూడా అలాగే నింపుకుని, ఎత్తి, ఒలికించి చూపించింది.

పడుకున్నాక ఆయన చీకట్లో చెయ్యి పైకి చాపి చూసుకున్నాడు. ఏమీ కనిపించలేదు. భయం పూర్తిగా పోలేదు గాని, నిద్ర పట్టేంతగా తగ్గింది. దివ్య చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. అనసూయమ్మ ఆఖరి రోజుల్లో మూలుగు వినపడాలని రాత్రంతా ఓరగా తెరిచి ఉంచిన తలుపు అది. ఈ రెండు రాత్రులూ దివ్య దాన్ని వేయనిది మరిచిపోయి కాదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

ఆమె కొంచెంసేపు నిలబడి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.