చప్పట్లు ఆపండి

బాలింతకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. వేషం కోసం తొడుక్కున్న బొమ్మ తల లోపల తన ప్రాణం పోతుంటే బయట జనం చప్పట్లు కొడతారని.

పాప పాకుతూ గడప దాటేస్తున్నా తోటివాళ్లు ఆమెను ఇంకా బాలింత అనే పిలుస్తారు. పెద్ద షాపింగ్ మాల్ ముందు, బండలు పరిచిన ఖాళీ స్థలంలో బొమ్మ వేషాలు కట్టేవాళ్లలో ఆమె ఒకతి. కుందేలు, ఏనుగు, పిడుగువీరుడు, కంపెనీ రాకాసి. ఆట రోజూ అదే. కోటు తొడిగి టై కట్టిన రాకాసి ఊరి నీళ్లలో విషం కలుపుతుంది. ఎర్ర రెక్కల పిడుగువీరుడు వచ్చి, దాన్ని కొట్టి పడేసి, గుండెల మీద కాలు పెడతాడు. పిల్లలు "తొక్కు, తొక్కు" అని అరుస్తారు. ఈ ఆట రాయించింది మాల్ యజమానే. కంపెనీవాళ్లు ఎంతకు తెగిస్తారో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

వేషాలు మనిషికొకటి ఉండవు. ఒక పూట ఒకరు విప్పింది ఇంకో పూట ఇంకొకరు తొడుక్కోవాలి. తల పెట్టుకోగానే ముందు మనిషి చెమట చెంపలకు అంటుకుంటుంది. లోపలి స్పాంజి ఎవరి ఎంగిలితో తడిసిందో, ఎవరి చీమిడి దానికి ఎండి పట్టిందో చెప్పలేం. ఎండకు తాళలేక ఎవరైనా లోపలే కక్కుకుంటే సూపర్వైజర్ పాత గుడ్డతో తుడిపించి పూల సెంటు కొట్టిస్తాడు. ఆ రెండు వాసనలూ కలిసి ఒంటికి పట్టేస్తాయి. ఇంటికెళ్లి బాలింత సబ్బు అరిగేలా రుద్దుకున్నా, పాప రొమ్ము దగ్గరికి వచ్చి మొహం తిప్పేసుకునేది.

గోడ మీద ఒకటే నియమం రాసి ఉంటుంది. పిల్లల ముందు తల తీసినవాళ్లు మళ్లీ పనిలోకి రానక్కర్లేదు. లోపలి నుంచి మాట కూడా రాకూడదు. అందుకని వాళ్లలో వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రాకాసి పడిపోగానే వీరుడు వంగి దాని చెయ్యి పట్టుకుంటాడు. చూసేవాళ్లకు చెయ్యి మెలితిప్పుతున్నట్టు ఉంటుంది. నిజానికి అది, బాగున్నావా అని అడగడం. కింద ఉన్న మనిషి తిరిగి నొక్కితే, బాగున్నానని.

ఆ పద్ధతి పెట్టింది పొడుగక్క. వీరుడి వేషం ఆమెదే. ఆ వేషానికి మగవాణ్ణి పెట్టుకుంటే ఎదురు మాట్లాడతాడని మాల్ కంపెనీ ఆమెను తీసుకుంది. అక్కడే లెక్క తప్పింది.

ఒకరోజు కుందేలు వేషంలోని అమ్మాయి ఊపిరాడక పడిపోయింది. అందరూ వేషాలు విప్పేసి కూర్చున్నారు. యజమాని స్వయంగా వచ్చాడు. బట్టలు మార్చుకునే గదిలో, ఆ కంపులో, వాళ్లతో పాటు నేల మీద చతికిలబడ్డాడు. వాళ్ల బిందెలో నీళ్లే ముంచుకుని తాగాడు.

"మీరంతా నా ఇంటి మనుషులు," అంటూ కళ్లు కూడా తుడుచుకున్నాడు. "అన్ని తలల్లోనూ ఫ్యాన్లు పెట్టిస్తాను. అందరూ ఒకేసారి మాట్లాడితే నాకేం అర్థమవుతుందమ్మా? మీ తరఫున ఒకరు ముందుకు రండి."

అందరి కళ్లూ పొడుగక్క మీదికి వెళ్లాయి. ఆమె లేచి నిలబడింది. ఆయన ఆమెను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు కోసమే వచ్చినట్టు, ఇంక ఏమీ వినకుండానే వెళ్లిపోయాడు.

"మన బిందెలో నీళ్లు తాగాడు, చూశారా?" అంది బాలింత.

"బయటికెళ్లి నోట్లో వేలు పెట్టుకుని కక్కేసుంటాడులే," అన్నాడు ఏనుగు వేషం కట్టే మామ.

మర్నాడే రాకాసి వేషం పొడుగక్కకు వేశారు. రబ్బరు పొట్ట, రబ్బరు వీపు, ఊపిరికి మూతి దగ్గర చిన్న సందు. మిట్టమధ్యాహ్నం ఆట ఆమెదే అన్నారు. ఫ్యాను ఉన్న తల ఒక్క వీరుడిదే. దాన్ని యజమాని తన చేతుల్తో తెచ్చి బాలింత ఒళ్లో పెట్టాడు.

"పసిపిల్ల తల్లివి. నువ్వు చల్లగా ఉండాలమ్మా."

మిగతావాళ్ల మొహాలు మాడిపోయాయి. బాలింతకు ఆ తల కంటే దాన్ని పట్టుకున్న చెయ్యే ఎక్కువ కంపు కొట్టింది.

"నాకొద్దక్కా," అంది ఆయన వెళ్లాక.

"తీసుకోవే మొద్దూ. నీ పాలు ఇంకిపోతే ఆయనొచ్చి ఇస్తాడా?" అంది పొడుగక్క. "మనల్ని విడగొట్టడానికి ఇచ్చాడు. తీసుకుని కూడా విడిపోకుండా ఉండు. అప్పుడు ఏడుస్తాడు."

బాలింతకు ఎత్తు చాలక బూట్ల కింద చెక్కలు కట్టారు. బండలు కాలిపోతున్నాయి. ముందు వరసలో గొడుగు కింద యజమాని, చుట్టూ ఫోటోలవాళ్లు. దెబ్బ తగలకముందే రాకాసి తూలింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇంకో రెండడుగులు వేసి వెల్లకిలా పడిపోయింది.

బాలింత వంగి చెయ్యి పట్టుకుంది. బాగున్నావా అక్కా?

మళ్లీ నొక్కింది. ఆ చెయ్యి తడిపిన పిండి ముద్దలా ఉండిపోయింది.

"తొక్కు, తొక్కు," అంటున్నారు పిల్లలు. యజమాని కూర్చున్న చోటే బూటు ఎత్తి చూపించాడు, కానీయమన్నట్టు.

కాలు పెడితే రేపు పని ఉంటుంది. తల తీస్తే ఉండదు. ఇంటి దగ్గర అత్త చంకలో పాప ఆకలికి గుప్పిట చీకుతూ ఉంటుంది. ఇదంతా బాలింతకు తెలుసు. తెలిసే తల తీసేసింది.

అరుపులు ఆగిపోయాయి. "నాన్నా, వీరుడి లోపల అమ్మ ఉంది," అంది ఒక చిన్నపిల్ల.

బాలింత రాకాసిని పక్కకు దొర్లించి వీపు మీది జిప్పు లాగి తల ఊడదీసింది. వేడితో పాటు పులిసిన కంపు తన్నుకొచ్చింది. పొడుగక్క మొహం వాంతితో నిండిపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి.

అప్పుడు యజమాని నవ్వుతూ మైకు అందుకున్నాడు. "చూశారా పిల్లలూ? రాకాసి కూడా మారి మనిషైపోయింది. ఇదే మా కొత్త ఆట. ఏదీ, గట్టిగా చప్పట్లు."

జనం కొట్టారు. ఆడిస్తే ఆడే చేతులు. ఇన్నాళ్లూ బాలింత దేనికి భయపడిందో అది ఆమె కళ్లముందే జరుగుతోంది.

"చప్పట్లు ఆపండి," అని అరిచింది. "ఆట కాదిది. మనిషి చచ్చిపోతోంది."

సూపర్వైజర్ ఆమె నోరు మూయబోయాడు. దబ్బున ఏనుగు తల వచ్చి వాడి కాళ్ల ముందు పడింది. చెమటలో మునిగిన నెరిసిన తలతో మామ నిలబడి ఉన్నాడు.

"చెయ్యి తియ్యరా."

కుందేలు అమ్మాయి కూడా తల తీసింది. తర్వాత అందరూ తీశారు. తలలు చంకన పెట్టుకుని పొడుగక్క చుట్టూ గోడ కట్టారు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. జనంలోంచి ఒక తల్లి పిల్లాడి నీళ్ల సీసా తెచ్చి పొడుగక్క మొహం కడిగింది. పెదవులు కదిలాయి.

ఇంతలో కంపెనీ కారు వచ్చింది. ఆస్పత్రికే అన్నారు. అందరూ ఎత్తి పడుకోబెట్టారు. బాలింత ఎక్కబోతే మొహం మీదే తలుపేశారు. వేషాలవాళ్లు చేసిన తప్పు ఒక్కటే. యజమాని బిందెలో నీళ్లు తాగినప్పుడే అదంతా నటనని తెలిసి కూడా, ఆయన కారును నమ్మారు.

ఊళ్లో ఏ ఆస్పత్రిలోనూ పొడుగక్క లేదు. ఆమె చెల్లెలు తలుపు వేసుకోకుండా ఎదురుచూస్తోంది. "తనే అడిగి వేరే ఊరి మాల్‌కు వెళ్లింది," అంటుంది కంపెనీ. ఏ ఊరంటే, అది మా సొంత విషయం అంటుంది.

అప్పటి నుంచి అందరూ గేటు ముందే కూర్చున్నారు. ఫ్యాన్లు వచ్చాయి, పనిలోకి రమ్మని కంపెనీ కబురు పంపింది.

"వెళ్దామా మరి?" అంది కుందేలు అమ్మాయి నెమ్మదిగా. "ఇంట్లో పొయ్యి వెలగట్లేదు."

"మా ఇంట్లో మాత్రం వెలుగుతోందా?" అంది బాలింత, పాపను చంక మార్చుకుంటూ. "ఫ్యాను ఇచ్చి అక్కను పట్టుకుపోయాడు. ఇంకో ఫ్యాను ఇచ్చి నిన్ను పట్టుకుపోతాడు. అక్కను చూపించాక మాట్లాడదాం."

ఎవరూ లేవలేదు. పోలీసులు మామను లాక్కెళ్లారు. ఆయన పట్టుకున్న ఏనుగు తలను కుందేలు అమ్మాయి తన ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఈ కబురు విని పక్క ఊరి మాల్ దగ్గర కూడా బొమ్మలు తలలు తీశాయి.

చదువుకునే తమ్ముళ్లూ, పనికి పోయే అక్కలూ, ఆ కంపెనీ మాల్ మీ ఊళ్లోనూ ఉండొచ్చు. దాని ముందు కోటు తొడిగిన రాకాసి బొమ్మ కనబడితే ఫోటో తర్వాత దిగండి. ముందు దగ్గరికెళ్లి దాని చెయ్యి పట్టుకుని నొక్కండి. తిరిగి నొక్కితే, బాలింత అడిగిందని చెప్పండి. నొక్కకపోతే, జిప్పు వీపు మీద ఉంటుంది. ఎవరు వద్దన్నా లాగండి.