వంతెన మొక్కు

మా ఆవిడ బీ ఖిమ్ నా ప్రాణం కోసమే మొక్కుకుంది, కాదనను. కానీ మొక్కే ముందు నన్నొక్క మాట అడిగి ఉంటే కోడికూర దగ్గరే బేరం తెమిల్చేవాణ్ణి. అడగడానికి నాకప్పుడు స్పృహ లేదనుకోండి.

ఆ రోజు దుకాణంలో నూడుల్స్ వేయిస్తూ వేయిస్తూ గుండె పట్టుకుని బాణలి ముందే కూలబడ్డాను. నన్ను లోపలికి తోసుకుపోయాక, ఈవిడ ఆసుపత్రి వెనక గేటు పక్కనున్న దాతుక్ గూడు ముందు మోకరిల్లింది. నడుమెత్తు ఎర్ర గూడు, లోపల టోపీ పెట్టుకున్న ముసలాయన విగ్రహం. మా పెనాంగ్‌లో ఏ వీధి నేలకు ఆ వీధి దాతుకే దేవుడు, యజమాని. ఈవిడ చేతిలో తమలపాకైనా లేదు. పాత కోడి మొక్కులే ఇంకా తీర్చలేదు కనుక మళ్ళీ కోడి అంటే నమ్మడని భయం. సరిగ్గా అప్పుడే మారథాన్‌కి సాధన చేసే గుంపొకటి చెమటలు కక్కుకుంటూ రోడ్డు మీద పోయింది. ఆయన్ని బతికించు, డిసెంబరులో వంతెన మారథాన్ మొత్తం పరిగెత్తిస్తాను అనేసింది. నేను బతికాను.

ఏడాది దాకా బస్సు కోసం కూడా పరిగెత్తకూడదని డాక్టరు చెప్పింది. ఒకపక్క డాక్టరు, ఒకపక్క దాతుక్. ఇద్దరిలో డాక్టరు బిల్లు వేసి వదిలేస్తుంది, ఈయన అలా వదిలే రకం కాదు. అందుకని ఆయన్నే అడుగుదామని వెళ్ళాం. మా దగ్గర అడగడమంటే రెండు నాణేలు వేయడం. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే సరేనన్నట్టు. రెండూ బొమ్మలైతే మనల్ని చూసి నవ్వుతున్నట్టు. రెండూ బొరుసులైతే కుదరదన్నట్టు. వారం వారం కోడికూర పెడతామన్నాం, నవ్వాడు. మారథాన్ మొత్తం నడిచేస్తానన్నాను, కుదరదన్నాడు. చివరికి బీ ఖిమ్, "పోనీ నేను పరిగెడితే?" అంది. నాణేలు ఇలా పడ్డాయో లేదో సరేనన్నాడు.

ముప్పై ఏళ్ళు దుకాణంలో నిలబడి గిన్నెలు అందించిన మనిషి. పరుగంటే ఆవిడకు తెలిసింది వాన రాగానే బట్టలు తీయడం వరకే. మొదటి రోజు గేటు దాటగానే కుక్క తరిమినట్టు పరుగు లంకించుకుని, వీధి మలుపులో రొట్టెల కొట్టు బల్ల మీద పడింది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా మొదలెట్టాలని ఫోన్లో రాసుంది. చదివి వినిపించాను. పరుగని చెప్పి నడిస్తే ఆయన ఊరుకుంటాడా అని నా మీదే లేచింది. మధ్యమధ్యలో ఒళ్ళు తేరుకోవడానికి సెలవు ఉండాలని కూడా రాసుంది. దాతుక్‌కి సెలవులుంటాయా అంది. బూట్లు బొటనవేలంత వదులుగా కొనుక్కోవాలట. పాదానికి అతుక్కునేవి కొని, గోరు నల్లబడితే దానికి ఎర్ర రంగు పూసుకుంది.

రోజూ తెల్లవారుతూనే సముద్రం పక్క రోడ్డు మీద ఆవిడ ముందు, నీళ్ళ సీసాతో మోటారుసైకిల్ మీద నేను వెనక. బండి అంత నెమ్మదిగా పోలేక ఆగిపోయేది. ఖాళీగా కూర్చున్నవాణ్ణి, నోరూరుకోదు కదా. వెనక తాబేళ్ళు హారన్ కొడుతున్నాయి, కాస్త పక్కకి జరుగు అనేవాణ్ణి.

"నవ్వు నవ్వు. చచ్చి బతికినవాడివి, నీకింకేం చేతనవును" అనేది వెనక్కి తిరగకుండానే.

మూడో వారానికి మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి మొదలైంది. మందు రాసి, గుడ్డ చుట్టి, అలాగే పరిగెత్తింది. ఆ ఆదివారం మాత్రం ఎక్కువ దూరం పోవాల్సిన రోజు, సగం కూడా కాకుండానే రోడ్డు అంచున కూర్చుండిపోయింది. చాపలు ఆరబెట్టే చోటు ఇది కాదు, లే అన్నాను. తిట్టలేదు. పెళ్ళయ్యాక ఆవిడ నన్ను తిట్టకుండా వదిలేయడం అదే మొదలు, బండి దిగి పక్కన కూర్చున్నాను.

"ఏమయ్యా, నావల్ల కాదేమో" అంది. "రోజూ రాత్రి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను. నేను ఆపేస్తే నిన్ను తీసుకుపోతాడు."

ఆవిడ మీద అంత ప్రేమ నాలో ఉందని అప్పుడే తెలిసింది. బండెక్కించుకుని ఆసుపత్రి వెనక్కి తీసుకెళ్ళాను. కాలు వంగక ఆవిడ నిలబడే దండం పెట్టింది. నేను గూడు ముందు గొంతుక్కూర్చుని, ఈ డిసెంబరులో సగం దూరం ఆవిడ పరిగెడుతుంది, మిగతా సగం డాక్టరు సరేనన్నాక వచ్చే ఏడు నేను పరిగెడతాను, ఒప్పుకో అన్నాను.

రెండు బొమ్మలు. నవ్వాడు. మళ్ళీ వేశాను. రెండు బొరుసులు. మూడోసారి వేస్తూ వెనక్కి చూశాను. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, చీలమండ దగ్గర వాచిపోయిన కాలు గాల్లోకి ఎత్తి పట్టుకుని, పైకి వినబడేలా బతిమాలుతోంది. మళ్ళీ రెండు బొరుసులే.

దాతుక్ అంటే నాకు లెక్కలేదనుకోకండి. పొద్దున్నే మా వీధి దాతుక్‌కి చుట్ట ముట్టించనిదే ఏనాడూ దుకాణం తెరవలేదు. అలాంటివాణ్ణి, బొటనవేలితో ఒక నాణెం తిప్పేశాను.

"చూడు, ఒప్పుకున్నాడు."

కళ్ళు తెరిచింది. బొమ్మ, బొరుసు. అక్కడే ఏడ్చేసింది. ఆ వెంటనే, ఈ మాటేదో మొదటే చెప్పి ఉంటే తన గోరైనా మిగిలేది కదా అని దాతుక్‌ని కడిగి పారేసింది. ఇక కాలు బాగయ్యేదాకా పరుగు లేదని, నడకైనా తప్పు లేదని ఆవిడే తేల్చేసింది. బండి దాకా గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళింది.

నేను చుట్ట ముట్టించి ఆయన ముందు పెట్టాను. నాణెం తిప్పింది నేనని, దానికి ఆవిడతో సంబంధం లేదని చెప్పాను. కోపమొస్తే నా దగ్గరికే రమ్మన్నాను. గుండె దడదడలాడింది. అది జబ్బో భయమో తెలియక కాసేపు కూర్చున్నాను.

"ఇంకా ఆయనతో ఏం మాట్లాడుతున్నావు?" బండి దగ్గర నుంచి అరిచింది.

"ఏం లేదు. నాకు బూట్లు ఏ కొలతవి కొనాలో అడుగుతున్నాను."

"ఒక వేలు వదులుగా కొనుక్కో" అంది.